కాలవ పైకిచ్చిన పిల్ల

"...అయితే నీ పెళ్లాం గొంతు ఊరూరా పంచిపెట్టుకో బావా, నాకేం అడ్డం లేదు. తోడబుట్టినోడికి మాత్రం ఆ గొంతులోంచి ముక్క బయటికి రాదు. అంతేగా?"

"నా మీద పడతావేంది? నన్నడిగి ఒప్పుకుందా అది? వాళ్లొచ్చారు, మాట్లాడమన్నారు, మాట్లాడింది. దానివల్ల నాకు పేరొచ్చిందా, పదవొచ్చిందా?"

"నీకు తెలవకుండా నీ ఇంట్లో చీమ కూడా తిరగదని నీటి సంఘం మీటింగుల్లో చెప్పుకుంటావుగా."

"అది మీటింగు. ఇది ఇల్లు."

ఇంటి వెనక రేకుల పంచలో కూర్చుని ఎండుమిరపలోంచి తాలుకాయలు ఏరుతున్న సామ్రాజ్యం ఆ మాటకు నవ్వు ఆపుకుంది. నవ్వే సందర్భం కాదని ఆమెకు తెలుసు. ముందు వసారాలో కూర్చుని అరుచుకుంటున్నది ఆమె భర్త నరసింహారావు, ఆమె అన్న హనుమయ్య. ఎన్నికలొస్తే చెరో జెండా పట్టుకుని తిరిగిన రోజుల్లో కూడా ఒకరింటికి ఒకరు భోజనానికి రావడం మానలేదు వాళ్లు. ఇవాళ తగువు తన గురించే. ఇంకాసేపు వెనకే కూర్చుంటే బాగుండుననిపించినా లేచి, కారం అంటిన చేతులు రెండుసార్లు కడుక్కుని టీ పెట్టింది.

గ్లాసు అందుకుంటూనే హనుమయ్య అడిగాడు.

"ఒక్క మాట చెప్పు సామ్రాజ్యం. ఈ వంతు నీళ్లు ఏ రోజు వదుల్తున్నారు?"

"నాకు తెలవదన్నయ్యా."

"నీకు తెలవదు."

"తెలవదు."

"రేపో మాపో ఈ ఊళ్లో ప్రతి ఫోనూ మోగుద్ది. ఎత్తితే నీ గొంతు. ఫలానా రోజు నీళ్లొస్తన్నయ్, ఇంజన్లు చూసుకోండి అంటది. ఆ రోజేందో నీకే తెలవదు."

"ఈసారి తెలవకుండా చేసుకున్నా."

హనుమయ్య బావ వైపు చూశాడు. నరసింహారావు చూరుకు వేలాడే కొడవలి వైపు చూశాడు. హనుమయ్య టీ తాగి గ్లాసు అరుగు మీద పెట్టి లేచాడు. వచ్చిన ప్రతిసారీ వెళ్లేముందు వంటింట్లోకి వచ్చి, కూర గిన్నె మూత తీసి చూసి, ఏదో ఒక వంక పెట్టి పోవడం అతని అలవాటు. ఇవాళ వసారాలోంచే చెప్పులేసుకున్నాడు. బండి శబ్దం వీధి మలుపు తిరిగిందాకా ఆమె గడపలోనే నిలబడింది.

నందిగుంట, చింతలబోడు ఒకే మేజరు కాలవ కింద ఊళ్లు. సాగరు కుడి కాలవలోంచి చీలి వచ్చిన నీళ్లు సామ్రాజ్యం మెట్టిన నందిగుంట తూముల్లోకి ముందు దిగుతాయి. మధ్యలో ఊళ్లన్నీ తాగగా మిగిలినవి ఆమె పుట్టిన చింతలబోడు చివరాయకట్టుకు చేరతాయి. చేరితే చేరినట్టు. వంతుల తేదీలు కాగితం మీద ఉంటాయి గానీ, పైన డ్యాములో మట్టాన్ని బట్టి, ఆఫీసుల్లో తిరిగే ఫోన్లను బట్టి అవి అటూ ఇటూ జరుగుతుంటాయి. పై ఊళ్ల వాళ్లకు దానితో పెద్దగా పనిలేదు. కాలవ నిండింది చూసి తూము ఎత్తుకుంటారు. చివరి ఊళ్లో అట్లా కుదరదు. అడుగున పారే నీళ్లను ఇంజను పెట్టి తోడుకోవాలి. ఇంజను అద్దెకు తేవాలి, పైపులు పరచాలి, బోదెల్లో పూడిక తీయాలి, పైవాళ్లు అడ్డుకట్ట వేయకుండా గట్టు మీద మనిషిని ఉంచాలి. ఇవన్నీ నీళ్లకంటే ముందు కావాలి. వచ్చిన నీళ్లు ఎవరి కోసమూ ఆగవు.

అందుకే చింతలబోడు వాళ్లు ఆడపిల్లల్ని కాలవ పైకి ఇస్తారు. అదేదో కట్టుబాటని ఎవరూ అనరు. సంబంధం మాట్లాడేటప్పుడు పిల్లవాడి చదువు, పొలం అడిగాక "ఎన్నో తూము కింద?" అని మాత్రం అడుగుతారు. సామ్రాజ్యం పెళ్లి మాటల్లో "రెండో తూము" అని వినగానే ఆమె తండ్రి తాంబూలాలకు తలూపాడు. పెళ్లికొడుకు అప్పటికే మాటకారి అనీ, పని దొంగ అనీ నలుగురూ చెప్పారు. రెండో తూము ముందు అవేవీ నిలబడలేదు.

ఆయన భయం ఆయనది. సామ్రాజ్యం ఏడో తరగతి చదివే రోజుల్లో వంతు దగ్గరపడిందంటే ఆయన గట్టు మీదే పడుకునేవాడు. పొద్దున్నే ఆమె చద్దన్నం మూట పట్టుకుపోతే, మూట విప్పకముందే "బస్సోళ్లు ఏమన్నా చెప్పారా? పైన గేటు ఎత్తారంటనా?" అని అడిగేవాడు. ఒక ఏడు అట్లా చూసి చూసి, ముప్పాళ్ళలో దగ్గర చుట్టాల పెళ్లి తప్పక ఇంటిల్లిపాదీ వెళ్లారు. తిరిగొచ్చేసరికి కాలవలో తడి మట్టి మాత్రమే ఉంది. ఆ ఏడు పూతంతా రాలింది. అప్పట్నించి ఆ ఇంట్లో శుభకార్యానికి రోజు పెట్టాలంటే ముందు నీళ్లెప్పుడో కనుక్కుంటారు. తర్వాతే అయ్యవారి దగ్గరికి పోతారు.

ఈ ఏడు మిరప నాట్లు అయిన కొత్తలో దేవిక వచ్చింది. శావల్యాపురం పిల్ల. నరసరావుపేటలో డిగ్రీ చదివి, ఆర్థికశాస్త్రం మేస్టర్లు కొందరు కలిసి నడిపే ఒక పరిశోధన నెట్‌వర్కులో సర్వే పనికి చేరింది. మేస్టర్లు తలో రాష్ట్రంలో ఉంటారు. గవర్నమెంటు జీతం ఎవరికీ లేదు, ఏ పార్టీ వాళ్లూ కాదు. గవర్నమెంటు ఏదన్నా కొత్త పని మొదలుపెట్టాలనుకుంటే, అది జనానికి నిజంగా పనికొస్తుందా లేదా అని ముందు కొన్ని ఊళ్లలో చేసి చూసి, వచ్చింది వచ్చినట్టు రాసిస్తారు. దేవిక ఇదంతా సంఘం మీటింగులో ఓపికగా చెప్పింది. చివర్న నరసింహారావు లేచి, "ఇంతకీ మీ నెట్‌వర్కు టవరు ఎక్కడ కడతారమ్మా? మా వీధిలో సిగ్నలు అసలుండదు" అన్నాడు. అందరూ నవ్వారు. అతను వేళాకోళానికి అన్నాడో, నిజంగానే అడిగాడో సామ్రాజ్యానికి ఇప్పటికీ తెలియదు.

వాళ్లు చూడదలిచింది ఇది: గేటు ఎత్తే ముందురోజే రైతుల ఫోన్లకు కబురు పోతే పంట దక్కుతుందా? గట్టు కాపలాలు, కొట్లాటలు తగ్గుతాయా? తగ్గితే ఇరిగేషన్ డిపార్ట్‌మెంటు ఆయకట్టంతా పెడుతుంది. లేకపోతే ఆ ఖర్చు దండగ. కబురు ఏ ఊళ్లకు పోవాలో చీటీలు వేశారు. లాకుల దగ్గరి బంగళాలో, అన్ని ఊళ్ల సంఘాల వాళ్ల ముందు, ఇత్తడి బిందెలో చీటీలు కలిపి లస్కరు సుభానీ చేత తీయించారు. కాలవ గేట్ల కాపలా మనిషి కాబట్టి అతని చెయ్యి మీద ఎవరికీ అనుమానం లేదు. నందిగుంటకు చీటీ వచ్చింది. చింతలబోడుకు రాలేదు.

"నీళ్లు గుమ్మంలో పారేవోళ్లకి నీళ్లొస్తున్నయ్యని ఫోను. నోరెండేవోళ్లకి లేదు. ఇదేం న్యాయమమ్మా?" అని ఆ రోజే హనుమయ్య అందరిలో అడిగాడు.

"ఎవరికి అవసరమో మేం చూసి ఇస్తే, మంచి ఊళ్లు ఏరుకుని మంచి ఫలితం చూపించామంటారు బాబాయ్. అందుకే చీటీ" అంది దేవిక. "పనికొస్తదని తేలితే వచ్చే ఏడు మీక్కూడా వస్తది."

"వచ్చే ఏడు. మిరప చెట్టుకి చెప్పు ఆ మాట."

మొదటి వంతుకు ఫోన్లు మోగాయి. పట్నం అమ్మాయి ఎవరో తేనె పూసినట్టు "ప్రియమైన రైతు సోదరులకు నమస్కారం" అంది. పల్నాడులో ఫోనెత్తగానే అట్లాంటి గొంతు వినపడిందంటే అది ఎమ్మెల్యే పనితీరు సర్వే. సగం మంది అక్కడే కట్ చేశారు. మిగతా సగం మంది తమ పార్టీకి ఏ నంబరో అని ఆలోచించి ఒకటో రెండో నొక్కారు. నరసింహారావు రెండు నొక్కి, మధ్యాహ్నం దాకా ఆ సంగతి చెప్పుకుంటూ తిరిగాడు. నీళ్ల మాట మాత్రం ఎవరూ వినలేదు.

ఎందుకు వినలేదో కనుక్కోవడానికి దేవిక ఇంటింటికీ తిరుగుతూ వీళ్ల వసారాలోకి వచ్చినప్పుడు సామ్రాజ్యం కోత కూలీల ముఠా మేస్త్రితో ఫోన్లో మాట్లాడుతోంది. "నేను నందిగుంట సామ్రాజ్యాన్ని. రేపు పొద్దున్నే మొదటి కోత. గోతాలు నా దగ్గరున్నయ్, మనుషులొస్తే చాలు." అంతే, పెట్టేసింది. దేవిక రాస్తున్నది ఆపింది.

"పెద్దమ్మా, ఇదే నా ఫోన్లో ఒకసారి అంటారా?"

రెండో వంతుకు ఫోన్లలో ఆమె గొంతు వచ్చింది. "నేను నందిగుంట సామ్రాజ్యాన్ని. రేపు బుధవారం సాయంత్రానికి మన కాలవకి నీళ్లొదుల్తున్నారు. ఇంజన్లూ పైపులూ చూసుకోండి." ఎవరూ కట్ చెయ్యలేదు. రికార్డు చేసిన గొంతని తెలియక కొందరు "సరేలే అక్కా, పిల్లలు బాగున్నారా?" అని అడిగారు. అడిగినా పలకలేదని ఎగువ ఊళ్లో ఒక ముసలాయన నెలరోజులు కోపం పెట్టుకున్నాడు. పక్క ఊళ్ల సంతలో కూరగాయలమ్మే వాళ్లు ఆమె గొంతు విని తలెత్తి చూసేవాళ్లు. ఆమె ఎవరికీ చెప్పలేదు గానీ అది ఆమెకు నచ్చింది. పొలం పని, ముఠాల బేరం, కల్లం కాపలా అన్నీ తను చేస్తుంటే, సంఘంలో పేరు భర్తది. ఈ ఒక్కటీ తన పేరుతో పోతోంది.

తప్పు మూడో వంతప్పుడు జరిగింది. జరిగినప్పుడు అది తప్పని ఆమెకు తోచనేలేదు.

హనుమయ్య మనవరాలికి ఓణీల ఫంక్షను తలపెట్టారు. హనుమయ్య భార్య ప్రమీలమ్మ ఫోన్ చేసి, అయ్యవారు గురువారం బాగుందన్నాడని చెప్పింది. ఆ పొద్దునే దేవిక వచ్చి గురువారం కబురు రికార్డు చేయించుకుని పోయింది.

"గురువారం వద్దొదినా" అంది సామ్రాజ్యం. "ఆదివారం పెట్టుకోండి."

ప్రమీలమ్మ ఎందుకని అడగలేదు. ఆ ఇంటి కోడలికి ఎందుకో చెప్పక్కర్లేదు. సాయంత్రానికి హనుమయ్య నలుగురికి చెప్పాడు. ఆ నలుగురూ ఊరికి చెప్పారు. గురువారం నీళ్లు చివరికి చేరేసరికి చింతలబోడు గట్టు మీద ఇంజన్లు వరసగా నిలబడి ఉన్నాయి. ఆదివారం ఫంక్షనులో సామ్రాజ్యానికి అందరూ పీట వేసి మర్యాద చేశారు. ఇంటి ఆడపడుచుని కాబట్టి అనుకుందామె.

ఆ తర్వాత వారం దేవిక వచ్చింది. ఎప్పుడూ వచ్చీ రాగానే మంచినీళ్లు అడిగే పిల్ల, ఊరికే కూర్చుంది.

"చింతలబోడులో సర్వే చేశాం పెద్దమ్మా. ఈ వంతుకి అందరూ ముందే సిద్ధంగా ఉన్నారు. ఎట్లా తెలిసిందంటే, ఓణీల ఫంక్షను మారిందిగా అన్నారు."

సామ్రాజ్యానికి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక, "నీళ్లు దక్కినయ్యా వాళ్లకి?" అని అడిగింది.

"దక్కినయ్."

"మరి మంచిదేగా?"

"వాళ్లకి మంచిదే" అంది దేవిక. "ఫోను వచ్చిన ఊరిని, రాని ఊరిని పక్కపక్కన పెట్టి చూస్తేనే ఫోను పని చేసిందో లేదో తెలిసేది. రాని ఊరికి కూడా కబురు అందితే రెండు ఊళ్లూ ఒకటే అయిపోతయ్. అప్పుడు లెక్కలో తేడా ఏమీ కనపడదు. తేడా లేదంటే ఫోను వల్ల లాభం లేదనే అర్థం. మేం అదే రాయాలి."

"లాభం ఉందని నీకు తెలుసుగా. రాయి."

"నాకు తెలిసింది రాయకూడదు పెద్దమ్మా. లెక్కలో వచ్చిందే రాయాలి. రెండేళ్ల కింద ఇంకో జిల్లాలో నీళ్ల తేదీలు బోర్డుల మీద రాయించారు. పెద్దాఫీసర్లకి ఆ బోర్డులంటే ముచ్చట. మా వాళ్లు చూసి, వీటిని ఎవరూ చదవట్లేదని రాశారు. కోపాలొచ్చినయ్. కానీ బోర్డులు ఆపేశారు, ఆ డబ్బు బోదెల పూడికకి మళ్లించారు. మా వాళ్లు నచ్చేది రాసి ఉంటే ఇవాళ వాళ్ల మాట ఎవరు వింటారు? ఈ పంట కారు అయ్యాక అమరావతిలో కూర్చుని మన రిపోర్టు చూసే నిర్ణయం చేస్తారంట."

"అంటే నేను మా అన్నకి చెప్తే, వచ్చే ఏడు ఎవరికీ రాదు."

"ఒక్కరు చెప్పుకుంటే అంత కాదు. చుట్టాలు చెప్పుకుంటారని మేం ముందే అనుకున్నాం. ఊరు ఊరంతా అయితేనే కష్టం."

"ఇంక చెప్పొద్దంటావు."

"అనను." దేవిక తల అడ్డంగా ఊపింది. "ఆ మాట అడిగే హక్కు నాకు లేదు. మీ అన్నకి చెప్పుకోవటం మీ ఇష్టం. చెప్తే చెప్పారని రాసుకుంటా, అంతే."

వద్దని ఉంటే సామ్రాజ్యం ఎదురు తిరిగేదేమో. ఇష్టం అనడంతో ఆమెకు ఎటూ తోచలేదు. లోపలికి వెళ్లి మంచినీళ్లు తెచ్చి పిల్ల చేతికిచ్చి, పక్కనే కూర్చుంది. గట్టు మీద తండ్రి, విప్పని చద్దన్నం మూట గుర్తొచ్చాయి. చింతలబోడులో ఒక్క హనుమయ్యే లేడు. మేజరు కింద అట్లాంటి ఊళ్లు ఇంకా ఉన్నాయి, వాటిల్లో ఆమెకు అన్నలు లేరు.

"ఇంక చెప్పనులే" అంది. "కానీ తెలిసి కూడా చెప్పకుండా ఉండటం నావల్ల కాదు. మా వదిన ఫోన్ చేస్తే నా గొంతులోనే పట్టేస్తది. సోమవారం నించి ఆదివారం దాకా అన్ని రోజులూ ఇప్పుడే చెప్పేస్తా. పొద్దున, సాయంత్రం కూడా. నీకు కావాల్సింది నువ్వు ఏరుకో. నాకు చెప్పమాక" అంది.

ఆ మధ్యాహ్నం వంటింటి తలుపులు వేసుకుని ఇద్దరూ ఆ పని చేశారు. మధ్యలో కోడి కూసిందని మంగళవారం మళ్లీ చెప్పాల్సి వచ్చింది.

ఇప్పుడు వచ్చేది నాలుగో వంతు. చెట్టు మీద మూడో కోత కాయ, పైన మళ్లీ పూత. ఈ నీళ్లు అందితే ఇంకో కోత ఉంటుంది, అందకపోతే పూత రాలి చెట్టు అక్కడికి ఆగిపోతుంది. హనుమయ్య సొంత పొలంతో పాటు ఈ ఏడు కౌలుకు కూడా వేశాడు. అతని తగువంతా దాని గురించే.

హనుమయ్య వెళ్లిపోయాక నరసింహారావు అన్నం తింటూ ఎత్తుకున్నాడు.

"ఏమే, ఆ పిల్లనడిగితే చెప్పదంటావా ఏ రోజో?"

"అడగను."

"నేనడుగుతా. సుభానీని పట్టుకుంటే సరి, వాడికి తెలవకుండా గేటు ఎట్లా ఎత్తుతారు? మీ అన్నకి చెవిలో ఊదితే ఎవడికి తెలుస్తది? నలుగురికి చెప్పమాక అంటే సరిపాయె."

"మా అన్న నోట్లో నువ్వుగింజ నానదు."

"అది మీ వంశం." అతను మజ్జిగ పోసుకున్నాడు. "బావ అట్లా పోవటం నాకేం బాగాలేదు. రేపు ఎలక్షన్లొస్తే ఎవడితో పోట్లాడాలి నేను?"

ఆమె కంచం తీసింది. చేతులు కడుక్కుని వచ్చి అతను మెల్లిగా, ఈసారి వేళాకోళం లేకుండా అన్నాడు. "ఆ రిపోర్టేదో మంచిగా వస్తదని నమ్మకమా నీకు? తీరా వచ్చాక వాళ్లు చదవకపోతే? ఇక్కడ మీ అన్న కాయా పోయె, అక్కడ కాయితమూ పోయె."

"చదవకపోవచ్చు" అంది సామ్రాజ్యం.

మర్నాడు పొలం నుంచి వస్తుంటే సుభానీ కాలవ గట్టు మీద కనపడ్డాడు. గేటు మరకు గ్రీజు పెడుతున్నాడు. గ్రీజు పెడుతున్నాడంటే ఎత్తే రోజు దగ్గరకొచ్చింది.

"అక్కా, చెప్పమంటావా?" అన్నాడు నవ్వుతూ.

"నీ పని నువ్వు చూసుకో సుభానీ."

"మీ అన్న పొద్దున్నే ఫోన్ చేశాడు. నాకు తెలిసినా చెప్పకూడదు, లస్కరుని. అట్లాగే చెప్పా. మా చెల్లెలికి పట్టిన జబ్బే నీకూ పట్టిందా అన్నాడు."

ఆమె నవ్వింది. నవ్వుతూనే నడిచింది గానీ ఇంటికొచ్చేసరికి నవ్వు లేదు. ప్రమీలమ్మకు ఫోన్ చేసింది. పిల్లలు, పాడి, పక్కింటి గొడవ అన్నీ మాట్లాడింది వదిన. నీళ్ల మాట ఎత్తలేదు. రోజూ ఎత్తే మాట ఎత్తకుండా అంతసేపు మాట్లాడటానికి ఆమె ఎంత కష్టపడుతున్నదో సామ్రాజ్యానికి వినపడుతూనే ఉంది.

"అన్నయ్య ఏడొదినా?"

"గట్టు మీదకి పోయాడు. ఇవాళ్టి నించి కాపలా. అల్లుడికి నడుం పట్టేసింది, పిల్లోళ్లు రారు. ఆయనొక్కడే."

సామ్రాజ్యం ఫోను పెట్టేసి చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చుంది. ఇవాళ కాకపోతే రేపు అది మోగుతుంది. ఎత్తితే తన గొంతే తనకు రోజు చెబుతుంది. ఎత్తకపోయినా పక్కింటి వాళ్లు గోడ మీంచి అరుస్తారు. అప్పుడు అన్న ఒక్కడూ గట్టు మీద ఉంటాడు, తను తెలిసి ఇక్కడ ఉంటుంది.

తెల్లారి పాలు పితికి, కల్లంలో కాయలు నెరిపి, భర్తకు రెండు పూటలకూ వండి పెట్టింది. రెండు చీరలు సంచిలో పెట్టుకుంది. ఫోనును బియ్యం డబ్బా మీద, చార్జింగు వైరు పక్కనే పెట్టింది.

"ఏడికి?" అన్నాడు నరసింహారావు.

"పుట్టింటికి. గేదెకి చిట్టు నానేశా. నాకు గానీ, మా అన్నకి గానీ, ఆ ఊళ్లో ఎవరికి గానీ ఫోన్ చెయ్యమాక. ఏ కబురొచ్చినా సరే."

"వంతు టైములోనా? మన తూము ఎవరు చూస్తారు?"

"నువ్వు చూడు. సంఘం మనిషివిగా."

అతను చెప్పులేసుకున్నాడు. ఆటో ఎక్కేదాకా వీధిలోకి వచ్చి నిలబడ్డాడు. సంచి అందిస్తూ, "ఇంజను తిప్పేటప్పుడు చీర కుచ్చిళ్లు జాగ్రత్త" అన్నాడు.

ఆటో కాలవ వెంటే కిందికి సాగింది. అడ్డరోడ్డు దగ్గర ఆటో మారింది. కిందికి పోయేకొద్దీ కాలవ సన్నబడింది, గట్ల మీద తుమ్మ చెట్లు పెరిగాయి, కాలవ అడుగున మట్టి బీటలు తీసి ఉంది. పై ఊళ్లలో పచ్చగా ఉన్న చేలు ఇక్కడ మధ్యాహ్నపు ఎండకు ఆకులు ముడుచుకుని ఉన్నాయి.

హనుమయ్య అన్నానికి ఇంటికొచ్చి, నులక మంచం మీద కూర్చుని ఉన్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. చెల్లెల్ని, చేతిలో సంచిని చూశాడు గానీ లేవలేదు. ప్రమీలమ్మ గబగబా ఎదురొచ్చింది.

"ఏంది సామ్రాజ్యం, ఫోనన్నా చెయ్యకుండా? అంతా బాగేనా?"

"బాగే ఒదినా. ఫోను ఇంటికాడ పెట్టొచ్చా."

"మర్చిపోయావా?"

"లేదు."

ప్రమీలమ్మ మొగుడి వైపు చూసింది. హనుమయ్య కంచంలోకి చూస్తూ అన్నాడు.

"రోజు చెప్పటానికి వచ్చావా, చెప్పనని చెప్పటానికి వచ్చావా?"

"నాకు తెలవదన్నాగా. ఇప్పుడు తెలిసే దారి కూడా లేదు."

"మరెందుకొచ్చినట్టు?"

సామ్రాజ్యం సంచి గోడవారగా పెట్టి, వంటింట్లోకి వెళ్లింది. పొయ్యి మీద గిన్నె మూత తీసి చూసింది. దోసకాయ పప్పు. "ఉప్పు తక్కువ" అంది అక్కణ్నించే. చేతులు కొంగుకు తుడుచుకుంటూ బయటికొచ్చి, అన్న ఎదురుగా పీట వాల్చుకుని కూర్చుంది.

"నీళ్లొచ్చేదాకా నేనిక్కడే ఉంటానన్నయ్యా. ఇవాళ్టి నించి గట్టు మీదకి నీతో పాటు నేనూ వస్తా."